ఆ సున్నా సున్నా కాదు: తూర్పు కెంటకీ కౌంటీల్లో ఉద్యోగాల లెక్క

ప్రశ్న: నేను అమెరికాలోని కెంటకీలో ఎం.ఎస్. చదువుతున్నాను. తూర్పు కెంటకీ బొగ్గు కౌంటీల్లో 2011 నుంచి 2023 వరకు ఏ రంగంలో ఉద్యోగాలు పోయాయి, ఏ రంగంలో వచ్చాయి అన్నది ప్రాజెక్టుగా తీసుకున్నాను. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ బీఎల్ఎస్ వారి క్యూసీఈడబ్ల్యూ (కౌంటీ, పరిశ్రమ వారీగా ఉద్యోగాలు, వేతనాల లెక్క) ఫైళ్లు దించుకున్నాను. చాలా కౌంటీల బొగ్గు వరసలో సున్నాలున్నాయి, కానీ అక్కడ గనులు నడుస్తూనే ఉన్నాయి. వైద్యరంగం వాటా పెరిగింది కాబట్టి ‘బొగ్గు పోయి ఆస్పత్రులు వచ్చాయి’ అని రాస్తే మా గైడ్ కొట్టేశారు. ఉద్యోగాల మార్పును మూడు ముక్కలుగా విడదీసే షిఫ్ట్-షేర్ అనే లెక్క చేయమన్నారు. సూత్రం దొరికింది, దాని అర్థం మాత్రం అంతుపట్టడం లేదు. నెల గడువుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, లెక్సింగ్టన్

సమాధానం: మీ గైడ్ కొట్టేసింది సరైన వాక్యాన్నే. ఎందుకో చెప్పాలంటే ముందు సున్నాల సంగతి తేల్చుకోవాలి.

ప్రతి వరసలోనూ డిస్‌క్లోజర్ కోడ్ అనే కాలమ్ ఉంటుంది. అందులో ‘ఎన్’ అక్షరం ఉంటే ఆ వరసలో కనిపించే సున్నా అసలు సంఖ్య కాదు, దాచిపెట్టిన సంఖ్య. ఒక కౌంటీలో గనుల కంపెనీలు రెండో మూడో ఉంటే, మొత్తం బయటపెట్టగానే ఒక కంపెనీ తన అంకె తీసేసి ఎదుటి కంపెనీలో ఎంతమంది ఉన్నారో లెక్కగట్టేస్తుంది. అలా కాకుండా చూస్తామని యజమానులకు మాటిచ్చారు కాబట్టి దాస్తారు. అయితే సంస్థల సంఖ్యను దాచరు. ‘సంస్థలు 7, ఉద్యోగులు 0’ అని కనిపిస్తే జరిగింది ఇదే. మీరు ఎక్సెల్‌లో మొత్తం వేసినప్పుడు ఈ సున్నాలన్నీ నిజం సున్నాలుగా కలిసిపోతాయి. ఒక ఏడు దాచి మరో ఏడు చూపించిన కౌంటీలోనైతే, ఒక్క గని తెరవకపోయినా, మూయకపోయినా వందల ఉద్యోగాలు వచ్చిపోయినట్టు గీత ఎగిరి పడుతుంది. అందుకని మొదటి పనిగా ‘ఎన్’ ఉన్న ప్రతి సున్నానీ తీసేసి ఖాళీగా ఉంచండి. ప్రతి మొత్తం పక్కనా ‘ఇందులో ఇన్ని గడులు దాచినవి’ అని రాసే కాలమ్ ఒకటి పెట్టుకోండి.

పై స్థాయి మొత్తంలోంచి కనిపించే ఉపరంగాలన్నీ తీసేస్తే దాచినది బయటపడదా అని చాలామంది ప్రయత్నిస్తారు. ఆ దారి కూడా ముందే మూసేసి ఉంటుంది. ఒక గడి దాచితే, తీసివేతతో అది తెలియకుండా పక్కన ఇంకో గడినీ దాస్తారు. మీకు దక్కేది ఆ రెండింటి ఉమ్మడి సంఖ్యే. రెండు చిన్న రంగాలైతే వాటిని ‘ఇతరాలు’ అని కలిపి చూపించి సాగిపోవచ్చు. బొగ్గు విషయంలో అలా సరిపెట్టుకోకూడదు, మీ ప్రశ్నంతా అక్కడే ఉంది.

బొగ్గుకు వేరే దారి ఉంది. అమెరికాలో ప్రతి గని నిర్వాహకుడూ మూడు నెలలకోసారి ఫెడరల్ గనుల భద్రతా సంస్థ ఎంషాకు 7000-2 అనే ఫారం నింపి పంపాలి. సగటున ఎంతమంది పనిచేశారు, ఎన్ని గంటలు, ఎన్ని టన్నులు అన్నవి అందులో ఉంటాయి. గని నంబరు, కౌంటీతో సహా ఆ ఫైళ్లు ఎవరైనా దించుకోవచ్చు, దాపరికం లేదు. ఒకే గనికి భూగర్భం, ఉపరితలం, బొగ్గు శుద్ధి ప్లాంటు, ఆఫీసు అని వేర్వేరు వరసలు వస్తాయి. వాటిని కలపాలి. కాంట్రాక్టు కంపెనీల ఫైలు వేరు. దాన్ని కౌంటీలకు పంచే వీలు లేదు కాబట్టి మీ అంకె అసలుకన్నా కొంచెం తక్కువే ఉంటుంది, ఆ మాట రాయండి. ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, క్యూసీఈడబ్ల్యూలో అంకె ఉన్నచోట దాన్నే ఉంచి, దాచినచోట మాత్రం ఎంషా అంకె అతికించడం. మొదటిది ప్రతి నెలా 12వ తేదీ పడే జీతకాలంలో పేరోల్ మీద ఉన్నవారి లెక్క, రెండోది మూడు నెలల సగటు. కొలిచే గిన్నె మారితే గింజలు పెరిగినట్టో తరిగినట్టో అనిపిస్తుంది. బొగ్గు వరస మొత్తాన్నీ, అన్ని కౌంటీలకూ, అన్ని ఏళ్లకూ ఎంషా నుంచే తీసుకోండి. మిగతా రంగాలు క్యూసీఈడబ్ల్యూ నుంచి.

సరిచూసుకోవడానికి ఒక గుర్తు: తూర్పు కెంటకీ మొత్తంగా బొగ్గు ఉద్యోగాలు 2011లో 13 వేలు దాటి ఉన్నాయి, 2016 కల్లా నాలుగు వేల దరిదాపుకు వచ్చాయి. మీ మొత్తం దీనికి దూరంగా ఉంటే ఎక్కడో కౌంటీలు తప్పాయి, లేదా పశ్చిమ కెంటకీ కలిసిపోయింది. ఈ రెండోది తేలిగ్గా తీసుకోవద్దు. ఇల్లినాయి బేసిన్‌లో భాగమైన పశ్చిమ కెంటకీ బొగ్గులో గంధకం ఎక్కువ. విద్యుత్ ప్లాంట్లు పొగలోంచి గంధకాన్ని తీసేసే స్క్రబ్బర్లు పొగగొట్టాలకు పెట్టుకున్నాక ఆ బొగ్గుకు గిరాకీ లేచింది. తూర్పున తేలిగ్గా తీయగలిగిన పొరలు చాలావరకు అయిపోయి, పలచని పొరల్లో తవ్వకం ఖర్చు పెరిగింది. పైగా చవక సహజవాయువు వచ్చిపడింది. రాష్ట్రం మొత్తం అంకె పట్టుకుంటే ఈ తేడా మాయమవుతుంది.

ఇక ఈ ఫైళ్లు ఎవరిని లెక్కపెడతాయి, ఎవరిని పెట్టవు అన్నది. క్యూసీఈడబ్ల్యూ నిరుద్యోగ బీమా రికార్డుల నుంచి వస్తుంది. అది మనుషుల్ని కాదు, ఉద్యోగాల్ని లెక్కపెడుతుంది. ఒకరే రెండుచోట్ల చేస్తే రెండు. ఉద్యోగం ఎక్కడుందో అక్కడ లెక్కిస్తుంది, ఉద్యోగి ఇల్లు ఎక్కడన్నది దానికి పట్టదు. పైక్ కౌంటీ అంచున అవతల వెస్ట్ వర్జీనియా మింగో కౌంటీ, వర్జీనియా బుకానన్ కౌంటీ ఉన్నాయి. పైక్‌లో కాపురముండి మింగో గనిలో దిగే కార్మికుడి ఉద్యోగం మింగో ఖాతాలో పడుతుంది. ఆ గని మూతపడితే దెబ్బ తగిలేది పైక్‌లోని ఇంటికి, అంకె తగ్గేది మింగోలో. ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి పనికి వెళుతున్నారో సెన్సస్ బ్యూరో వారి ‘ఆన్ ది మ్యాప్’లో కౌంటీవారీగా చూడొచ్చు. కనీసం సరిహద్దు కౌంటీలకైనా ఆ పట్టిక ఒకటి జత చేయండి.

స్వయం ఉపాధి ఇందులో లేదు. చిన్న కమతాల మీద కూలీలు లేరు. రైల్వే ఉద్యోగులూ లేరు, ఎందుకంటే వారి నిరుద్యోగ బీమా వేరే చట్టం కింద నడుస్తుంది. తూర్పు కెంటకీకి ఇది చిన్న లోటు కాదు. బొగ్గు తగ్గితే బొగ్గు బండ్లు తగ్గుతాయి, వాటితో యార్డుల్లో పని తగ్గుతుంది, ఆ నష్టం మీ ఫైల్లో ఎక్కడా కనిపించదు. స్వయం ఉపాధికి సెన్సస్ వారి ‘నాన్ ఎంప్లాయర్ స్టాటిస్టిక్స్’ కౌంటీవారీగా దొరుకుతుంది. గని నుంచి బయటికొచ్చి సొంత ట్రక్కు కొనుక్కున్నవారు, చిన్నచిన్న నిర్మాణ పనులు పట్టుకున్నవారు అక్కడ కనిపిస్తారు. కాకపోతే అందులో ఉన్నది వ్యాపారాల సంఖ్య. అది ఉద్యోగాల మొత్తంలో కలపకండి.

ఓనర్‌షిప్ కోడ్ దగ్గర ఇంకో గుంట ఉంది. 5 అంటే ప్రైవేటు, 1 ఫెడరల్, 2 రాష్ట్రం, 3 స్థానిక ప్రభుత్వం. ‘పరిశ్రమలు’ అనగానే చాలామంది 5 మాత్రమే తీసుకుంటారు. అప్పుడు ప్రభుత్వ బడులన్నీ పోతాయి. ఇలాంటి కౌంటీల్లో స్కూల్ డిస్ట్రిక్టు పెద్ద యజమానుల్లో ఒకటి. మార్టిన్ కౌంటీలో బిగ్ శాండీ ఫెడరల్ జైలు ఉంది. ఆ కొలువులు కోడ్ 1లో ఉంటాయి. బొగ్గు పోయినచోట ఏమొచ్చిందని అడిగే పరిశోధనలో జైలు లేకపోతే జవాబులో సగం లేనట్టే. నాలుగు కోడ్‌లూ తీసుకుని రంగం వారీగా మీరే కలపండి. కలిపేటప్పుడు అగ్రిగేషన్ లెవెల్ (ఆ వరస ఏ స్థాయి మొత్తమో చెప్పే కోడ్) ఒకటే ఉండేలా చూడండి: కౌంటీ, రెండంకెల కోడ్ ఉన్న రంగం, యాజమాన్యం వారీ అయితే 74, మూడంకెలైతే 75. వడపోత మరిచిపోతే ఒకే ఉద్యోగం రంగంలో ఒకసారి, ఉపరంగంలో ఒకసారి, ఇలా నాలుగైదుసార్లు కూడికలో పడుతుంది. ఫైల్లో ఒక్కో కౌంటీని గుర్తించే ఫిప్స్ కోడ్‌లు కెంటకీకి 21తో మొదలవుతాయి: పైక్ 21195, లెచర్ 21133, హార్లన్ 21095. 21999 అని కనిపిస్తే అది కౌంటీ కాదు, చోటు తేలని ఉద్యోగాల పద్దు. దాన్ని పక్కనపెట్టండి.

మీకు ఒక అదృష్టం ఉంది, కౌంటీల హద్దులు కదలవు. కెంటకీలో ఆఖరి కౌంటీ, 120వది, మెక్‌క్రియరీ. అది 1912లో పుట్టింది. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు విడిపోయాక ఇలాంటి లెక్క వేయబోయినవారికి మీ సుఖం విలువ తెలుస్తుంది.

హద్దులు కదలకపోయినా కోడ్‌లు కదిలాయి. 2022 మొదటి త్రైమాసికం నుంచి కొత్త నైక్స్, అంటే పరిశ్రమలకు కోడ్‌లిచ్చే వర్గీకరణ, అమల్లోకి వచ్చింది. ఉపరితల, భూగర్భ బొగ్గు గనుల పాత కోడ్‌లు 212111, 212112 పోయి 212114, 212115 వచ్చాయి. చిల్లర వర్తకంలో పెట్రోలు బంకులు 447 నుంచి 457కి మారాయి. మీరు ఆరంకెల కోడ్‌లు పట్టుకుని ఉంటే 2021 చివర గనులన్నీ ఒక్కరోజులో మూతపడ్డట్టు కనిపిస్తుంది. బొగ్గుకు నాలుగంకెల 2121 దగ్గరా, వర్తకానికి రెండంకెల దగ్గరా ఆగండి. అలాగే 2013 మొదట్లో వృద్ధుల, వికలాంగుల ఇళ్లకు వెళ్లి సాయం చేసేవారిని దేశమంతటా ‘ప్రైవేటు ఇళ్లు’ అన్న 814110 నుంచి 624120కి మార్చారు. 624120 వైద్య, సామాజిక సేవల రంగంలోది. 62వ రంగం ఆ త్రైమాసికంలో ఎక్కడైనా చటుక్కున లేస్తే కొత్త కొలువులని సంబరపడకముందు 814లో అదే మేరకు తగ్గిందేమో చూడండి. ఇలాంటి సవరణలు సాధారణంగా మొదటి త్రైమాసికంలోనే ఎక్కిస్తారు. కాబట్టి డిసెంబరుకీ జనవరికీ మధ్య ఒక మెట్టు కనబడి, పక్క రంగంలోనో పక్క కౌంటీలోనో అంతే ఎత్తున ఎదురు మెట్టు కనబడితే అది కాగితం మీద మార్పే.

‘బొగ్గు’ అంటే 2121 ఒక్కటే కాదని కూడా గుర్తుపెట్టుకోండి. గనులకు సేవలందించే కంపెనీలు 213113లో ఉంటాయి. బొగ్గు లారీలు 4842లో, యంత్రాల మరమ్మతు షెడ్లు 8113లో. ఈ చివరి రెండింటిలో బొగ్గుతో సంబంధం లేనివీ ఉంటాయి కాబట్టి బొగ్గులో కలపకుండా పక్కన చూపిస్తే చాలు. బొగ్గు తగ్గిన ఆర్నెల్లకో ఏడాదికో ఇవి కూడా జారాయా అన్నది చూడదగ్గ విషయం.

ఇప్పుడు మీ వాక్యం దగ్గరికి. ఒక కౌంటీలో 10,000 ఉద్యోగాలు, అందులో 2,000 వైద్యరంగంలోవి అనుకోండి. వాటా 20 శాతం. గనులు మూతపడి మొత్తం 8,000కి దిగింది, వైద్యంలో ఒక్క కొలువూ పెరగలేదు. వాటా 25 శాతం అయింది. లవం కదల్లేదు, హారం చిక్కింది, అంతే. మీరు చూసిన ‘పెరుగుదల’లో ఎంత ఇలాంటిదో, ఎంత నిజంగా కొత్త కొలువో విడదీయకుండా ‘బొగ్గు పోయి ఆస్పత్రులు వచ్చాయి’ అనకూడదు. ప్రతి పట్టికలోనూ వాటా పక్కనే సంఖ్య ఉండాలి. చరిత్ర కూడా మీ వాక్యానికి అడ్డం వస్తుంది. అక్కడి ఆస్పత్రులు బొగ్గు పోయాక వచ్చినవి కావు. గని కార్మికుల సంఘం, టన్ను బొగ్గుకు ఇంత అని కంపెనీల దగ్గర వసూలైన సంక్షేమ నిధితో 1950లలో కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాల్లో పది ఆస్పత్రులు కట్టింది. 1960లలో నిధి తరిగి సంఘం చేతులెత్తేస్తే వాటిని నిలబెట్టడానికి ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థే నేటి అపలాచియన్ రీజినల్ హెల్త్‌కేర్. ఈరోజు ఆ ప్రాంతంలో అతిపెద్ద యజమానుల్లో అదొకటి. బొగ్గే కట్టించిన ఆస్పత్రులు బొగ్గు తర్వాతా మిగిలాయి అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. 2014 జనవరి నుంచి కెంటకీ పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను విస్తరించింది కాబట్టి ఆ తర్వాతి పెరుగుదలను 2011–13తో విడిగా చూడండి. ఇంత మారుమూల కౌంటీల్లో డాక్టర్లు దొరకరు. జె-1 వీసా మినహాయింపు (శిక్షణ ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి సడలింపు) మీద మూడేళ్ల ఒప్పందంతో విదేశాల నుంచి వచ్చిన డాక్టర్లే చాలాచోట్ల ఆ వార్డులు నడుపుతున్నారు, వారిలో మనవాళ్లూ ఉన్నారు.

షిఫ్ట్-షేర్ అడిగేది సరిగ్గా ఇదే: ఈ పెరుగుదలలో, తరుగుదలలో దేశం వాటా ఎంత, ఆ పరిశ్రమ తలరాత ఎంత, ఈ కౌంటీకే ప్రత్యేకమైనది ఎంత? మూడు ముక్కలు. మొదటిది, తొలి ఏటి ఉద్యోగాలను దేశం మొత్తం ఉద్యోగాల వృద్ధి రేటుతో గుణించాలి. రెండోది, అదే సంఖ్యను దేశంలో ఆ పరిశ్రమ రేటులోంచి దేశం మొత్తం రేటు తీసేస్తే మిగిలేదానితో. మూడోది, కౌంటీలో ఆ పరిశ్రమ రేటులోంచి దేశంలో ఆ పరిశ్రమ రేటు తీసేస్తే మిగిలేదానితో.

ఊహా అంకెలతో చేసి చూద్దాం. కౌంటీలో బొగ్గు ఉద్యోగాలు 1,000 నుంచి 300కు పడ్డాయి, అంటే 70 శాతం తగ్గుదల. దేశంలో అన్ని ఉద్యోగాలూ 9 శాతం పెరిగాయి, బొగ్గు 43 శాతం తగ్గింది. మొదటి ముక్క +90. రెండోది 1,000 × (−0.43 − 0.09) = −520. మూడోది 1,000 × (−0.70 + 0.43) = −270. మూడూ కలిపితే −700, సరిపోయింది. సరిపోకపోతే శాతాన్ని ఎక్కడో దశాంశంగా మార్చలేదని అర్థం. ఇప్పుడు వైద్యం: 2,000 నుంచి 2,100. దేశంలో వైద్యరంగం 12 శాతం పెరిగింది. ముక్కలు +180, +60, −140. మొత్తం +100. చూశారా, ఉద్యోగాలు వంద పెరిగాయి, కానీ మూడో ముక్క రుణాత్మకం. దేశమంతటా వైద్యం పెరుగుతున్న జోరులో ఈ కౌంటీకి రావాల్సినంత రాలేదు. జనం వెళ్లిపోతుంటే ఆస్పత్రికి రోగులూ తగ్గుతారు. పైక్ జనాభా 2010లో 65,024, 2020లో 58,669. లెచర్ 24,519 నుంచి 21,548కి దిగింది. మూడో ముక్కను పుస్తకాల్లో ‘పోటీతత్వం’ అంటారు. ఆ పేరు చూసి ‘ఈ కౌంటీ చేతకానిది’ అని రాయకండి. జనాభా, పొరల మందం, రోడ్డు, వరద అన్నీ అందులోనే కలిసిపోయి ఉంటాయి. ఆ ముక్క కారణం చెప్పదు, కారణం వెతకాల్సిన చోటు చూపిస్తుంది.

2011 నుంచి 2023కి ఒకే గెంతు వేయకండి. 2011 బొగ్గుకు మంచి ఏడు కాబట్టి అక్కడినుంచి కొలిస్తే ఏ లోయైనా లోతుగానే కనిపిస్తుంది. ఏడాదికేడాది మూడు ముక్కలూ లెక్కగట్టి కూడండి, ప్రతి ఏడూ తొలి సంఖ్య కొత్తదవుతుంది. తర్వాత 2011–16, 2016–19, 2019–23 అని మూడు కాలాలుగా చూపించండి. ఏటి సగటు కింద కొన్ని దెబ్బలు దాక్కుంటాయి. 2019 జులై 1న బ్లాక్‌జ్యువెల్ కంపెనీ దివాలా తీసినప్పుడు హార్లన్‌లో కార్మికుల జీతం చెక్కులు చెల్లలేదు, వాళ్లు కంబర్లాండ్ దగ్గర బొగ్గు రైలుకు అడ్డంగా పట్టాల మీద కూర్చున్నారు. అది త్రైమాసికాల్లో చూడాల్సిన విషయం. 2022 జులై చివరి వరదలు కూడా అంతే. బ్రెతిట్, నాట్, లెచర్, పెరీ కౌంటీల్లో ఆ తర్వాతి నిర్మాణ ఉద్యోగాలను పరిశ్రమ ఎదుగుదల అనుకుంటే పొరపాటు. కూలిన ఇళ్లు తిరిగి కట్టే పని కూడా వాటిలో ఉంటుంది.

ఒక్కో కౌంటీకి విడిగా శాతాలు వేయకండి. మూడు ఉద్యోగాలు తొమ్మిదైతే 200 శాతం వృద్ధి వస్తుంది. కొన్ని కౌంటీలను ఒక గుంపుగా కలిపి రాష్ట్రం ఏనాడో గీసిన ఏరియా డెవలప్‌మెంట్ డిస్ట్రిక్టులు వాడండి. బిగ్ శాండీలో ఫ్లాయిడ్, జాన్సన్, మగాఫిన్, మార్టిన్, పైక్. కెంటకీ రివర్‌లో బ్రెతిట్, నాట్, లీ, లెస్లీ, లెచర్, ఔజ్లీ, పెరీ, వుల్ఫ్. ఈ రెండూ మీ ప్రాజెక్టుకు వెన్నెముక. కంబర్లాండ్ వ్యాలీలో హార్లన్, బెల్ ఉన్నా, అంతర్రాష్ట్ర రహదారి 75 మీదున్న లారెల్ కూడా ఉంది. లండన్ పట్టణం వర్తకం, రవాణా కొలువులు హార్లన్ నష్టాన్ని కప్పేస్తాయి. హార్లన్, బెల్ రెంటినీ విడిగా ఒక జతగా చూపించండి. కలిపితే దాచిన గడులు కూడా తగ్గుతాయనుకోకండి, కౌంటీ గడులు దాచి ఉంటే మీరు కూడిన మొత్తంలో ఆ రంధ్రాలు అలాగే ఉంటాయి.

ఉద్యోగాల సంఖ్య పక్కన జీతం పెట్టకపోతే పని సగమే అవుతుంది. అదే ఫైల్లో మొత్తం వేతనాల కాలమ్ ఉంది. బొగ్గు ఉద్యోగం ఒకటి పోయి ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే ఉద్యోగం ఒకటి వస్తే సంఖ్య సమానం, ఇంటికొచ్చే డబ్బు సమానం కాదు. 62వ రంగాన్ని ఒకే ముద్దగా చూపకండి. 621 క్లినిక్కులు, 622 ఆస్పత్రులు, 623 నర్సింగ్ హోములు, 624 సామాజిక సేవలు అని విడదీసి ఒక్కోదాని సగటు వార్షిక వేతనం రాయండి. వేతనాలను ఒకే ఏటి డాలర్లలోకి మార్చాలి. 2011 డాలరునీ 2023 డాలరునీ పక్కపక్కన పెడితే తరుగుదల దాగిపోతుంది. నిరుద్యోగ రేటును మాత్రం ముగింపుకు ఆధారం చేసుకోకండి. ఊరు విడిచినవారు, వెతకడం మానేసినవారు ఆ రేటులో ఉండరు. జనం తరిగిన కౌంటీలో అది దిగితే మంచి వార్త కావాలని లేదు.

నెల రోజుల్లో చేయాలంటే మొదటి వారం మొత్తం ‘ఎన్’ గడులకూ ఎంషా ఫైళ్లకూ ఇవ్వండి. రెండో వారం కోడ్‌ల మార్పులు సరిచూసి పట్టికలు, మూడో వారం షిఫ్ట్-షేర్, వేతనాలు, ఆఖరి వారం రాత. ప్రతి పట్టిక కిందా ఈ నాలుగు సంగతులు రాయండి: బొగ్గు ఎంషా నుంచి, మిగతావి క్యూసీఈడబ్ల్యూ నుంచి తీసుకున్నవి, రైల్వే, స్వయం ఉపాధి లేవు, దాచిన గడులు ఇన్ని, ఉద్యోగాలు పనిచేసే చోటు ప్రకారం లెక్కించినవి.

గైడ్ కొట్టేసిన వాక్యం ఉన్నచోట ఇలాంటిది రావాలి: ‘బిగ్ శాండీలోని ఐదు కౌంటీల్లో 2011–16 మధ్య బొగ్గులో ఇన్ని ఉద్యోగాలు పోగా, అదే కాలంలో వైద్య, సామాజిక సేవల్లో ఇన్ని పెరిగాయి. పోయిన వేతనాల మొత్తంలో పెరిగినవి ఇంత శాతానికే సరిపోయాయి.’ ఆ మూడు ఖాళీలూ నింపగలిగితే గైడ్ దగ్గరికి వెళ్లండి.